జట్టు వదిలి వెళ్లినవాళ్ల గురించి

నల్లగొండ

ప్రియమైన పిల్లలకు,

ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆడుకునే మీలో కొందరు, జట్టు మారిన ఆటగాణ్ని ద్రోహి అంటుంటే విన్నాను. ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపికగా చదవండి.

2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ జరిగింది. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి ఎదురు కేరళ బ్లాస్టర్స్. మొదటి గోల్ కేరళదే. ఇక అయిపోయింది అనుకునే టైంకి, 88వ నిమిషంలో, సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడింటిని ఆపాడు, కప్పు మనకొచ్చింది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టింది ఓగ్బెచే, జట్టును నడిపిన కోచ్ మనోలో మార్క్వెజ్. 2023లో ఇద్దరూ మన జట్టును వదిలారు. మనోలో గోవా జట్టుకు పోయాడు. మీ కోపమంతా అక్కడే.

మరి ఓగ్బెచే మన దగ్గరికి ఎక్కణ్నుంచి వచ్చాడు? ముంబై నుంచి. అంతకుముందు ఆ కేరళకే ఆడి ఒక్క సీజన్‌లో 15 గోల్స్ కొట్టాడు. ఫైనల్ రోజు కేరళవాళ్లు అతణ్ని ఎదుటి జట్టులో చూశారు. మన సంతోషంలో వాళ్లు పోగొట్టుకున్నది కూడా ఉంది కదా!

ఆటగాడికి ఆటే బతుకుదెరువు. అది ఎన్నో ఏళ్లు సాగదు, ఒక వయసు దాటితే కాళ్లు సహకరించవు. పాలమూరు నుంచి పని కోసం బొంబాయి పోయినవాళ్లను మనం ద్రోహులు అనం, పండక్కి వస్తారా అని ఎదురుచూస్తాం.

అయినా బాధ ఉంటుంది, అది ప్రేమ ఉన్నచోటే ఉంటుంది. ఫీగో అనే ఆటగాడు 2000లో బార్సిలోనా వదిలి, వాళ్లకు బద్ధ విరోధి అయిన రియల్ మాడ్రిడ్‌లో చేరాడు. రెండేళ్ల తర్వాత ఆ పాత మైదానంలో ఆడుతుంటే జనం అతని మీదికి సీసాలు విసిరారు, పంది తల కూడా వచ్చి పడింది. కోపం ఎంతున్నా ఆ పని ముమ్మాటికీ తప్పు. ఇటలీలో ఆడిన బాటిస్టుటా సంగతి వేరే. 1993లో తన జట్టు ఫియొరెంటినా కింది డివిజన్‌కు పడిపోయినా జట్టును వదల్లేదు, మళ్లీ పైకి తెచ్చాడు. 2000లో రోమాకు వెళ్లి, పాత జట్టు మీదే గోల్ కొట్టి, సంబరం చేసుకోకుండా కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఫియొరెంటినా అభిమానులకు అతనంటే ఇప్పటికీ ప్రాణం. కష్టంలో తోడున్నవాడు తర్వాత వెళ్లిపోయినా జనం మరిచిపోరు.

2025లో హైదరాబాద్ క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారింది. ఇప్పుడు ఎవర్ని తిడతారు?

మనకు ఇంకా పాత కథ ఉంది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం హైదరాబాద్ కోచ్ రహీం సాబ్ చేతిలో తయారయ్యాడు. 1957లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లి అక్కడివాడైపోయాడు. 1962 ఏషియాడ్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఆడాడు, ఆ జట్టు కోచ్ రహీం సాబే. 2023లో బలరాం చనిపోయింది కూడా బెంగాల్‌లోనే. మీ పీఈటీ సార్‌ని ఆయన గురించి అడగండి. సార్‌కి తెలియకపోతే మీరే చెప్పండి.

ఆశీస్సులతో,
మీ తాత