పాత రివాల్వరు, దొరగారి ట్రంకుపెట్టె: అపోహలు - వాస్తవాలు

సైనికాధికారులు యుద్ధకాలంలో వాడిన సొంత వస్తువులను ఇరవై ఏళ్లకు పైగా సేకరిస్తున్నాను. నా ఇంట్లో పేలే ఆయుధం ఒక్కటీ లేదు. ఖాళీ హోల్‌స్టర్లు, కత్తులు, పతకాలు, దిక్సూచులు, డైరీలు, ఉత్తరాల కట్టలు ఉన్నాయి. 1806లో కంటోన్మెంటుగా మొదలైన సికింద్రాబాదులో పాత బంగళా ఒకటి కూల్చినప్పుడల్లా ఏదో ఒక ట్రంకుపెట్టె బయటికొస్తుంది, దానితోపాటు నాకు ఫోన్లూ వస్తాయి. ఆ ఫోన్లలో పదేపదే వినబడే మాటలనే ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం మనిషిని కోర్టు మెట్లెక్కించగలదు కాబట్టి దీనిని ముందుగా చెబుతున్నాను. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను, వాడుక పోయిన నమూనా ఆయుధాలకు, పురావస్తు విలువ గలవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కానీ ఆ వాక్యం అక్కడితో ఆగదు. మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలని కూడా అంటుంది. అంటే చట్టం అడిగేది వయసును కాదు, పేలే సామర్థ్యాన్ని. 1915లో వచ్చిన, బ్రిటిష్ సైన్యం వాడిన వెబ్లీ ఆరవ మార్కు రివాల్వరు తుప్పుపట్టి, సిలిండరు తిరగకుండా బిగుసుకుపోయి ఉన్నా, పనితెలిసిన తుపాకీ మేస్త్రీ చేతిలో అది మళ్లీ పేలుతుందంటే చట్టం దృష్టిలో అది ఆయుధమే. పైగా ఈ వెబ్లీలాగా .455 గుండ్లు పేల్చే రివాల్వర్లు నిషిద్ధ బోరు (మామూలుగా పౌరులకు అనుమతించని గొట్టపు కొలత) కిందికి వస్తాయి గనుక మామూలు లైసెన్సు వాటికి చాలదు. 2019 సవరణ తరువాత ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చిన తుపాకీ కూడా ఆ రెండింటి లెక్కలోనే చేరుతుంది. పెట్టెలో రివాల్వరు కనబడితే అందులో గుండ్లు ఉన్నాయనే అనుకోవాలి, ట్రిగ్గరు నొక్కి చూడకూడదు, స్నేహితులకు చూపడానికి కారులో వేసుకుని తిరగకూడదు. పోలీసు స్టేషనుకు తెలియజేసి, వారు చెప్పిన ప్రకారం స్టేషనులోగానీ లైసెన్సున్న డీలరు వద్దగానీ జమచేయాలి.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు అక్కడి లెక్కను ఇక్కడికి తెస్తుంటారు. అక్కడి ఫెడరల్ చట్టంలో 1898లోగానీ అంతకుముందుగానీ తయారైనవి పురాతన తుపాకులు; ఆ గీతకు మన దేశంలో విలువ లేదు. తాతగారి కత్తిని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లడమూ అంత తేలిక కాదు, ఎందుకంటే నూరేళ్లు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, అటువంటి దానిని దేశం దాటించే అధికారం ప్రైవేటు వ్యక్తులకు లేదు.

అపోహ: బ్రిటిష్ ప్రభుత్వపు బాణం గుర్తు లేని రివాల్వరు నకిలీది.

వాస్తవం: కాకికాలులా మూడు గీతలుండే ఆ గుర్తు ప్రభుత్వపు ఆస్తి అని చెబుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి వరకు బ్రిటిష్ అధికారులు చాలామంది తమ రివాల్వరును, కత్తిని, దూరదర్శినిని సొంత డబ్బుతో కొనుక్కునేవారు. 1898లో సూడాన్‌లోని ఓమ్‌దుర్మాన్ యుద్ధంలో యువ చర్చిల్ చేతిలో ఉన్నది జర్మన్ మౌజర్ పిస్తోలు. కనుక అధికారి సొంత ఆయుధం మీద ఆ గుర్తు లేకపోవడమే సహజం. దాని బదులు అమ్మిన దుకాణం పేరు కనబడవచ్చు. అసలు అనుమానించవలసింది అక్షరాలను. వాయవ్య సరిహద్దులోని (నేటి పాకిస్తాన్) దర్రా ఆదమ్‌ఖేల్ ఊరి నకలు తుపాకుల పనివాళ్లు ఇంగ్లీషు చదవడం రాకుండానే గుర్తులను చూసి చెక్కేవారు గనుక, తిరగబడిన 'ఎన్' అక్షరం, తప్పు స్పెల్లింగు వారి చేతిపనిని పట్టిస్తాయి.

అపోహ: పతకం అంచుమీద రెజిమెంటు పేరు లేదు కాబట్టి అది అసలుది కాదు.

వాస్తవం: మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ అంచులపై బ్రిటిష్ సైన్యపు అధికారికి హోదా, పేరు మాత్రమే వేశారు, నంబరు, రెజిమెంటు కనబడేది సిపాయి స్థాయివారి పతకాలమీద. ఇక రెండో ప్రపంచ యుద్ధపు స్టార్లను (నక్షత్రాకారపు పతకాలను) బ్రిటన్ తన సైనికులకు పేర్లు చెక్కకుండానే ఇచ్చింది. వాటిమీద ఒక బ్రిటిష్ మేజరు పేరు అందంగా చెక్కి ఉంటే అది తరువాతి కాలపు పని; కుటుంబం చెక్కించిందో, వ్యాపారి చెక్కించాడో విచారించుకోవాలి.

అపోహ: తళతళలాడేలా తోమితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. 1914 క్రిస్మస్‌కు బ్రిటిష్ యువరాణి మేరీ పేరిట సైనికులకు పంచిన ఇత్తడి పెట్టె ఒకటి తొలి రోజుల్లో నా చేతికి వచ్చింది. (మన సిపాయిలలో చాలామందికి దానితోపాటు పటికబెల్లం, మసాలా దినుసులు అందాయి, ఆ ఆలోచన చేసినవారిని మెచ్చుకోవాలి.) పూజ సామానుకు చేసినట్టే దానికీ చింతపండు పట్టించి తోమాను. పెట్టె మెరిసింది, మూతమీది యువరాణి ముక్కు అరిగిపోయింది. నూరేళ్ల నల్లదనం ఆ వస్తువుకు చర్మం వంటిది. మెత్తని బట్టతో దుమ్ము తుడిచి, ఇనుముకు పలుచగా మైనం పూత వేస్తే చాలు. కత్తిని ఎన్నడూ తోలు ఒరలో దూర్చి భద్రపరచకూడదు. తోలులోని ఆమ్లాలు, అది పీల్చుకున్న తేమ కలిసి ఉక్కును తినేస్తాయి, విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాలలో మరీ వేగంగా. ఒరను పక్కన విడిగా పెట్టండి. తోలు బెల్టుల ఇత్తడి మేకుల చుట్టూ పచ్చగా కట్టే చిలుమును గీకడానికి వెదురు పుల్ల చాలు.

అపోహ: పెట్టెలో విలువైనది ఆయుధమే, కాగితాలు చెత్త.

వాస్తవం: నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది ఇది. వెబ్లీ రివాల్వర్లు లక్షల్లో తయారయ్యాయి, ఒకదానికీ మరొకదానికీ తేడా చెప్పేది దాని వెనుక ఉన్న మనిషే. కొన్ని వస్తువులు స్వయంగా మాట్లాడతాయి: విల్కిన్సన్ కంపెనీ కత్తి వెన్నుమీద పిడి దగ్గర ఉండే నంబరును బట్టి, మిగిలి ఉన్న ఆ కంపెనీ చిట్టాలలో అది అమ్ముడైన కాలం, అదృష్టం బాగుంటే కొన్నవారి పేరు దొరుకుతాయి. రివాల్వరుకు అటువంటి సౌకర్యం అరుదు. ప్రభుత్వ దస్తావేజులన్నీ భద్రంగా ఉన్నాయనుకోవడానికీ లేదు. 1940లో లండన్‌పై జరిగిన బాంబు దాడిలో మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల, అధికారుల సర్వీసు పత్రాలలో అధికభాగం కాలిపోయింది. ఆనాటి భారత సైన్యపు అధికారుల పత్రాలను లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీసు రికార్డులలో వెతకవలసి ఉంటుంది. అక్కడ దొరకనిది పెట్టె అడుగున పరిచిన పాత కాగితంలో దొరకవచ్చు. అయితే అమ్మేవారు చేసే మొదటి పని పతకాలు ఒకరికి, దిక్సూచి ఒకరికి, యూనిఫారం మరొకరికి ఇచ్చి, ఉత్తరాలను తూకానికి వేయడం. ఆ తరువాత వాటిలో ఏ ఒక్కటీ ఎవరిదో చెప్పలేము.

కాబట్టి పెట్టె తెరిచినవారిని నేను కోరేది ఒకటే: ఏదీ కదపకముందు పైనుంచి కిందివరకు ఫోటోలు తీయండి, కోట్ల లోపలి జేబులు తిరగేసి చూడండి. క్రితం ఏడాది నా దగ్గరికి వచ్చిన పెట్టెలో పతకం లేదు, కత్తి లేదు, మూతమీది పేరు ఎప్పుడో చెరిగిపోయింది. చిమటలు కొట్టేసిన ఖాకీ కోటు లోపలి జేబులో దర్జీ కుట్టిన చీటీమీద మాత్రం సిరాతో రాసిన ఇంటిపేరు, తారీఖు ఉన్నాయి.