సర్పగంధి: నిల్వలు ఖాళీ చేసే మందు

చార్మినార్ చుట్టుపక్కల సందుల్లోని మూలికల దుకాణంలో 'అస్రోల్' అని అడిగితే కాగితం మీద పోసి చూపే వేరుముక్కల్లో పైకి విశేషమేమీ కనిపించదు. మట్టిరంగు బెరడు మీద నిలువు ముడతలుంటాయి, వాసన లేనట్టే ఉంటుంది; గోటితో గీరి నాలుకకు తగిలిస్తే మాత్రం ఆ చేదు ఒక పట్టాన వదలదు. యునానీ హకీములు అస్రోల్ అనే ఈ వేరే ఆయుర్వేదంలోని సర్పగంధి.

1931లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దీని నుంచి ఆల్కలాయిడ్లను, అంటే మొక్కల్లో ఉండే, శరీరం మీద గట్టిగా పనిచేసే నత్రజని రసాయనాలను వేరుచేసి, వాటిలో ఒకదానికి ప్రసిద్ధ యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీదుగా అజ్మలీన్ అని పేరు పెట్టారు. అదే ఏడాది గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని ప్రకటించినా, పాశ్చాత్య వైద్యుల చూపు ఇటు తిరిగింది 1949లో బొంబాయి వైద్యుడు రుస్తం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసిన వ్యాసంతోనే. మరో మూడేళ్లకు స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఈ వేరులో రక్తపోటును తగ్గించే ముఖ్యమైన ఆల్కలాయిడ్ రిసర్పిన్‌ను వేరుచేశారు.

రిసర్పిన్ పనిచేసే తీరు విచిత్రం. రక్తనాళాలను బిగించే నారడ్రినలిన్ అనే రసాయనం నాడుల కొసల్లో, కంటికి కనిపించనంత చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. దాన్ని సంచుల్లోకి చేర్చే ప్రోటీన్‌ను రిసర్పిన్ పట్టేసి వదలదు. బయట మిగిలిపోయిన రసాయనాన్ని అక్కడి ఎంజైమ్ విచ్ఛిన్నం చేస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో మోటారు కాలిపోయినా మేడ మీది ట్యాంకులో నీళ్లున్నంతసేపూ కుళాయి వస్తూనే ఉన్నట్టు, నిల్వ తరిగేదాకా ఈ మందు ప్రభావం పూర్తిగా తెలియదు, అందుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. కొత్త సంచులు తయారై రావాలి కనుక, మందు మానేశాక కూడా ప్రభావం కొన్నాళ్లు ఉంటుంది.

చిక్కల్లా ఆ ప్రోటీన్ మెదడులోనూ ఉండటమే. అక్కడ మనోస్థితికి, కదలికలకు అవసరమైన సెరటోనిన్, డోపమిన్ అనే రసాయనాల నిల్వలు కూడా తరిగిపోతాయి. పెద్ద మోతాదుల్లో వాడిన తొలినాళ్లలో మగతతో పాటు కొందరిలో తీవ్రమైన దిగులు కనిపించింది. ఈ దోషమే మరోచోట దారి చూపింది: 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్‌తో కదలిక కోల్పోయిన కుందేళ్లకు, శరీరంలో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఇస్తే అవి తిరిగి చురుగ్గా కదిలాయి. పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు అది పునాది అయింది.

కొత్త మందులు వచ్చాక రిసర్పిన్ వాడకం బాగా తగ్గింది. వాడినప్పుడు సాధారణంగా ఇచ్చేది రోజుకు 0.1 నుంచి 0.25 మిల్లీగ్రాములు మాత్రమే. వేరులో ఆల్కలాయిడ్ల పాలు నేలను బట్టి, తవ్విన కాలాన్ని బట్టి మారుతుంది కనుక, చిటికెడు పొడిలో రిసర్పిన్ ఎంత ఉందో చేత్తో తూచి చెప్పడం కుదరదు. బీపీ మాత్రలు వేసుకుంటూనే, డాక్టరుకు చెప్పకుండా ఈ పొడి కూడా వాడేవారికి గుండె కొట్టుకునే వేగం మరీ నెమ్మదించే ప్రమాదం ఉంది.