పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే రేడియేషన్ అంటుకోదు (కొన్ని అపోహలు, వాస్తవాలు)

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులు మొదలయ్యాయంటే చాలు, మా డిపార్ట్‌మెంట్‌కి ఒకే రకం ఫోన్లు. నేను ఒక ఆసుపత్రిలో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ని. పెట్ స్కాన్‌కి వాడే రేడియోధార్మిక మందులు, రేడియేషన్ కొలిచే సర్వే మీటర్లు, స్టాఫ్‌కి ఎంత డోసు తగిలిందో చెప్పే టీఎల్‌డీ బ్యాడ్జీలు, ఇదీ నా పని. కానీ "మేఘాల్లోంచి గామా కిరణాలు పడుతున్నాయంట, మా అమ్మాయికి ఐదో నెల, ఏమన్నా అవుద్దా సార్" అని అడిగేవాళ్లు ఇంకెవర్ని అడుగుతారు, రేడియేషన్ అన్న మాట మా బోర్డు మీదే కదా ఉంది. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు, ఆ భయం నిజమైన భయం. సగం నిజాన్ని పట్టుకుని ఎర్ర అక్షరాల్తో వీడియోలు చేసి వాట్సాప్‌లో తోసేవాళ్ల మీదే కోపమంతా.

ముందు నిజం ఎంతో చెప్తా. ఉరుముల మేఘాలు గామా కిరణాలు (ఎక్స్‌రేల్లాంటివే, ఇంకా శక్తి ఎక్కువ) పుట్టిస్తాయి, ఇందులో అబద్ధం లేదు. మేఘంలో విద్యుత్ క్షేత్రం బాగా బలంగా ఉంటే ఎలక్ట్రాన్లు ఆగకుండా వేగం పుంజుకుంటాయని సి.టి.ఆర్. విల్సన్ అనే శాస్త్రవేత్త 1920ల్లోనే ఊహించాడు. ఆ ఎలక్ట్రాన్లు గాలి అణువుల్ని గుద్దుకుంటే గామా పుడుతుంది. అంతరిక్షంలో గామా పేలుళ్ల కోసం పంపిన కాంప్టన్ ఉపగ్రహానికి కింద భూమి వైపు నించే గామా మెరుపులు కనపడ్డాయి, ఆ సంగతి 1994లో బయటికొచ్చింది. చాలావరకు ఒక్కోటి మిల్లీసెకను కూడా ఉండదు. మన దగ్గర ఊటీలో గ్రేప్స్-3 అని టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రయోగశాల ఉంది, అక్కడ 2014 డిసెంబర్ 1న ఒక మేఘం మీంచి వచ్చిన మ్యూయాన్లు (కాస్మిక్ కిరణాల వల్ల పైన గాలిలో పుట్టి కిందకి పడే సూక్ష్మ కణాలు) తగ్గడం చూసి ఆ మేఘంలో దాదాపు 130 కోట్ల వోల్టులున్నాయని లెక్కగట్టారు. చదివినప్పుడు నాకైతే రాత్రి నిద్ర పట్టలేదు, భయంతో కాదు, సంతోషంతో.

మరి మన మీద పడదా? మన వేసవి మేఘాల్లో ఈ మెరుపులు ఎక్కువగా పుట్టేది 10 కిలోమీటర్లు, ఆ పైన. అక్కణ్ణించి నేల దాకా ఉన్న గాలి ఏడు మీటర్ల నీటి మందంతో సమానం. అంత మందం దాటి మీ డాబా మీదకొచ్చేది లెక్కలోకి రాదు. జపాన్ పశ్చిమ తీరంలో చలికాలం మేఘాలు బాగా కిందకి దిగుతాయి కాబట్టి అక్కడ నేల మీద మీటర్లు కూడా పట్టుకుంటాయి, అదీ కొన్ని సెకన్ల నించి ఏ నిమిషమో, మనుషులకి హాని చేసేంత డోసు కాదు. కడుపుతో ఉన్నవాళ్లు ఈ విషయంలో నిశ్చింతగా ఉండండి.

ఇప్పుడు అసలు సంగతి. దీనికోసమే ఈ పోస్టు.

అపోహ: పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు, రేడియేషన్ మిగిలి ఉంటాయి, ముట్టుకుంటే మనకీ ప్రమాదం.

వాస్తవం: ఏమీ మిగలవు. ఏమీ అంటే ఏమీ. వేల ఆంపియర్లు సెకనులో చిన్న భాగం పాటు పారి నేలలోకి పోతాయి, మనిషి శరీరం కరెంటు దాచుకునే బ్యాటరీ కాదు. రేడియేషన్ సంగతంటారా, ఎక్స్‌రే తీయించుకుని బయటికొచ్చిన మనిషి ఒంట్లోంచి ఎక్స్‌రేలు రావు కదా, ఇదీ అంతే. "జపాన్‌లో పిడుగు వల్ల రేడియోయాక్టివ్ పదార్థం తయారైందట కదా" అని ఒకాయన నాతో వాదించాడు. అవును, 2017 ఫిబ్రవరిలో కషివజాకి దగ్గర గామా కిరణాలు గాలిలోని నైట్రోజన్ కేంద్రకం నించి ఒక న్యూట్రాన్‌ని ఊడగొడితే నైట్రోజన్-13 పుట్టింది, దాని గుర్తు, అంటే 511 కేఈవీ శక్తి ఉన్న గామా కిరణాలు, మీటర్లో కనిపించింది. అది గాలిలో, అతి సూక్ష్మంగా, పది నిమిషాలకి సగమైపోయేది. అదే నైట్రోజన్-13ని అమోనియాగా చేసి గుండె స్కాన్ కోసం పేషెంట్లకి నరంలోకి ఎక్కిస్తారు, ఆ 511 మాకు రోజూ కనపడే అంకె.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా మేనమామ వాళ్ల ఊళ్లో మిరప చేలో పనికెళ్లిన ఒకతను వాన మొదలవగానే వేపచెట్టు కిందకి చేరాడు. పిడుగు చెట్టు మీద పడింది. చెప్పులు ఒక పక్కకి ఎగిరిపోయి, మనిషి వెల్లకిలా పడున్నాడు, ఒంటి మీద పెద్దగా కాలిన గాయం కూడా లేదంట. చుట్టూ జనం ఉన్నారు. "ముట్టుకోవద్దు, రేడియేషన్ ఉంటది, వీడియోలో చెప్పారు" అని ఒకరన్నారు, అందరూ ఆగిపోయారు. అంబులెన్స్ వచ్చేదాకా ఎవరూ చెయ్యెయ్యలేదు. సాయం చేసుంటే బతికేవాడని నేను చెప్పలేను, కానీ బతికే అవకాశం మాత్రం ఆ ఒక్క మాటతో పోయింది. వాళ్లావిడ ఇప్పటికీ అదే అడుగుతుంది, ఎవరన్నా పట్టుకునుంటే అని.

పిడుగు గుండెని ఒక్కసారిగా ఆపేస్తుంది. చాలాసార్లు గుండె తనంతట తను మళ్లీ కొట్టుకోవడం మొదలుపెడుతుంది, ఊపిరి మాత్రం అంత త్వరగా రాదు, ఊపిరందక గుండె రెండోసారి ఆగిపోతుంది. అందుకే పిడుగు కేసుల్లో డాక్టర్లు మామూలు పద్ధతి తిరగేస్తారు: చాలామందికి ఒకేసారి తగిలితే, మూలుగుతున్నవాళ్ల దగ్గరికి కాదు, చచ్చిపోయినట్టు కనపడేవాళ్ల దగ్గరికి ముందు వెళ్తారు. మీరూ అదే చెయ్యండి. ఇంకా ఉరుముతుంటే మీ ప్రాణం చూసుకుని, చెట్టు దగ్గర్నించి అవతలికి లాగండి. ఒకరు 108కి చెయ్యాలి, ఇంకొకరు ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా, నిమిషానికి 100 నించి 120 సార్లు నొక్కాలి, తెలిసినవాళ్లుంటే నోట్లోకి ఊపిరి ఊదాలి. కొన్నిచోట్ల పేడలో పూడ్చిపెడతారు, దయచేసి వద్దు, ఆ పది నిమిషాలే ప్రాణం.

మిగతావి గబగబా. సెల్‌ఫోన్ పిడుగుని లాక్కోదు, కానీ ఛార్జర్‌కి పెట్టి మాట్లాడొద్దు. రబ్బరు చెప్పులు కాపాడవు. అర్జునా ఫల్గుణా అనుకోండి, మా అమ్మమ్మా అనేది, నేనూ అంటా, కానీ పక్కా ఇంట్లోకో తలుపులేసిన కారులోకో వచ్చి అనుకోండి, ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావొద్దు. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్లో వేసుకోండి. రాత్రి పన్నెండున్నర నించి కాస్మిక్ కిరణాలొస్తాయి ఫోన్లు ఆపేయండి అన్న మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతున్న పుకారు, డిలీట్ కొట్టండి.

విమానం ఎక్కేవాళ్లకి: గామా మెరుపు పుట్టే చోటే సరిగ్గా విమానం ఉంటే ప్రయాణికులకి 30 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ డోసు కొలత) దాకా తగలొచ్చని ఒక అంచనా ఉంది, అది మాలాంటి ఉద్యోగులకి ఏడాది మొత్తానికి ఉన్న గరిష్ఠ పరిమితి. కానీ పైలట్లు వడగళ్లకీ కుదుపులకీ భయపడి ఆ మేఘాల్ని రాడార్‌లో చూసి చుట్టూ తిరిగి పోతారు, కాబట్టి డాలస్ వెళ్లే అత్తయ్యలు హాయిగా వెళ్లొచ్చు.

ఆన్‌లైన్‌లో రేడియేషన్ కొలిచే గైగర్ మీటర్లు కొన్న పిల్లలకి ఒక మాట. వానొస్తే రీడింగ్ పెరుగుతుంది, అది మెరుపుల వల్ల కాదు. గాలిలో సహజంగా ఉండే రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు నించి పుట్టిన రేడియోధార్మిక సీసం, బిస్మత్‌లని వాన కిందకి కడిగేస్తుంది. వాన పడుతుండగా కారు బానెట్‌ని టిష్యూతో తుడిచి మీటర్ దగ్గర పెట్టండి, టకటకా కొట్టుకుంటుంది, అరగంట ఆగి చూస్తే దాదాపు సగం, ఇంకో రెండు మూడు గంటలకి మామూలే. ఉరుములు లేని ముసురు రోజున చేసి చూడండి, అప్పుడు కూడా పెరుగుతుంది.