సంగీతానికి వ్యాకరణం: 1983లో మారిన ప్రశ్న

వాక్యాన్ని గ్రహించే యంత్రాంగంతోనే మనసు స్వరాల వరుసనూ గ్రహిస్తుందా అన్న వాదం మెదడు ప్రయోగాల పుణ్యమా అని మళ్లీ రాజుకుంది. కొద్దిపాటి నియమాలతో లెక్కలేనన్ని వాక్యాలను పుట్టించే ‘ఉత్పాదక’ వ్యవస్థగా వ్యాకరణాన్ని 1957లో భాషాశాస్త్రవేత్త చోమ్‌స్కీ వివరించారు. దాని వివరాల్లోకి ఇక్కడ వెళ్లనక్కర్లేదు. ఇప్పటి తగవు అర్థం కావాలంటే 1983 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది స్వరకర్త ఫ్రెడ్ లెర్డాల్, భాషాశాస్త్రవేత్త రే జాకెండాఫ్ కలిసి పాశ్చాత్య టోనల్ సంగీతానికి (ఒక ఆధార స్వరం చుట్టూ అల్లుకునే సంగీతానికి) ఒక ఉత్పాదక సిద్ధాంతాన్ని పుస్తకంగా తెచ్చారు. దానికి పదేళ్ల ముందు, 1973లో, సంగీత దర్శకుడు లెనర్డ్ బెర్న్‌స్టైన్ హార్వర్డ్‌లో ఇచ్చిన ఆరు ఉపన్యాసాల్లో మోటిఫ్‌ను (చిన్న స్వరగుచ్ఛాన్ని) నామవాచకంతోనూ, కార్డ్‌ను (ఒకేసారి మోగే స్వరాల గుంపును) విశేషణంతోనూ, లయను క్రియతోనూ జతకట్టారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది కానీ, లయ లేని మోటిఫ్ ఎక్కడుంటుందని అడిగితే ఆ జతలు నిలవవు. అయినా ఆ ఉపన్యాసాలు రేపిన ఆసక్తితోనే 1974లో ఎంఐటీలో ఒక చర్చాగోష్ఠి మొదలైంది. లెర్డాల్, జాకెండాఫ్‌ల ఉమ్మడి కృషికి అదే నాంది.

ఈ ఇద్దరూ సంగీతంలో నామవాచకాల కోసం వెతకలేదు. చెవిన పడ్డ స్వరాలను అనుభవమున్న శ్రోత ఎలా గుంపులు కడతాడు, తాళపు బరువును ఎక్కడ వేస్తాడు, ఏ స్వరాన్ని ముఖ్యమనుకుని ఏది దానికి అలంకారమనుకుంటాడు అని అడిగారు. అలా అడగగానే భాషకూ సంగీతానికీ ఉన్న అసలు తేడా బయటపడింది. ‘సీత పాట పాడాడు’ అంటే తెలుగు తెలిసినవారెవరైనా తప్పని తక్షణం చెబుతారు. సి మేజర్‌లో, అంటే సి ఆధార స్వరంగా, సాగే ఒక కూర్పు జి సెవెంత్ కార్డ్ దగ్గరికి వచ్చి, అందరూ ఎదురుచూసే సి మేజర్‌కు చేరకుండా ఎ మైనర్ మీద వాలితే మాత్రం తప్పని ఎవరూ అనరు. శ్రోత ఒక్క క్షణం ఉలిక్కిపడి, కథ ఇంకా అయిపోలేదని సర్దుకుంటాడు.

అందుకే వారు ఏ నిర్మాణాలు సాధ్యమో చెప్పే నిర్మాణ నియమాలతో ఆగకుండా, వాటిలో శ్రోత దేనికి మొగ్గుతాడో చెప్పే ప్రాధాన్య నియమాలనూ చేర్చారు. రెండు స్వరాల మధ్య విరామం ఎక్కువైతే అక్కడ గుంపు విడిపోయినట్టు వినడానికి శ్రోత మొగ్గుతాడన్నది వాటిలో ఒకటి. ముందు వచ్చిన స్వరక్రమమే మళ్లీ వస్తే రెండింటినీ ఒకేలా విడగొట్టి వింటాడన్నది మరొకటి. ఈ రెండూ చెరోవైపు లాగినప్పుడు ఏ విభజనా తప్పు కాదు, ఒకటి మరొకదాని కన్నా సహజంగా తోస్తుంది, అంతే. వ్యాకరణం అన్న మాట మిగిలినా, ఒప్పు తప్పులు తేల్చే అధికారం చాలావరకు దాని చేయి జారింది.

ఆ తర్వాతి వాదాల్లో ఈ సంగతి తరచు మరుగున పడింది. 2001లో జర్మనీలోని లైప్‌జిగ్ పరిశోధకులు, కార్డుల వరుసలో నియాపాలిటన్ కార్డ్ (ఆ స్వరశ్రేణికి వెలుపలి స్వరాలున్న కార్డ్) అనుకోని చోట వస్తే, మెదడులో వాక్యనిర్మాణంతో ముడిపెట్టే బ్రోకా ప్రాంతం స్పందిస్తుందని చూపారు. 2003లో పరిశోధకుడు అనిరుద్ధ్ పటేల్ రాజీ చెప్పారు: భాషాజ్ఞానం, సంగీతజ్ఞానం వేరువేరు చోట్ల ఉన్నా, వాటిని క్షణక్షణం జోడించే వనరులు ఉమ్మడివి. 2011లో భాషాశాస్త్రవేత్తలు కాట్జ్, పెసెట్స్కీ ఇంకా ముందుకెళ్లి, ముడిసరుకు వేరైనా కూర్చే పద్ధతి ఒక్కటేనన్నారు. అదే ఏడాది, మళ్లీ 2023లో, మెదడు పరిశోధకురాలు ఎవెలీనా ఫెడొరెంకో బృందం ఎదురు సాక్ష్యం తెచ్చింది. ఒక్కొక్కరి మెదడులో భాషా ప్రాంతాలను విడిగా గుర్తించి చూస్తే అవి సంగీతానికి దాదాపు స్పందించడం లేదు. తీవ్రమైన అఫేజియాతో (మెదడు దెబ్బవల్ల వచ్చే భాషాలోపంతో) వాక్యనిర్మాణం దెబ్బతిన్నవారు సైతం బాణీలో అపస్వరాన్ని పట్టుకోగలుగుతున్నారు.

ఈ ఫలితాలను సంగీత వ్యాకరణం మీద తీర్పుగా ఒక వర్గం చదువుతోంది. 1983 నాటి పుస్తకం మాత్రం శ్రోత మనసులోని నియమాల గురించి మాట్లాడింది. అవి మెదడులో భాషతో చోటు పంచుకోవాలని షరతు పెట్టలేదు. లైప్‌జిగ్ ప్రయోగం వాక్యదోషానికి సాటిగా నిలబెట్టిన నియాపాలిటన్ కార్డ్‌ను స్వరకర్తలు శతాబ్దాలుగా తమ కూర్పుల్లో కావాలనే వాడుతూ వస్తున్నారు.