ఇంట్లో బ్రేక్ అప్‌గ్రేడ్, మధ్యలో దెబ్బతిన్న కాలిపర్: అపోహలు - వాస్తవాలు

బ్రేక్ పెడల్ నొక్కితే లోపలి పిస్టన్‌ను తోసి, చక్రంతో పాటు తిరిగే డిస్కు మీద ప్యాడ్లను బిగించే భాగమే కాలిపర్. నా చేతికి వచ్చే పాడైన కాలిపర్లలో వయసు మీదపడి పోయినవి కొన్నే. ఎక్కువ శాతం, సెలవు రోజున కారును జాకీ మీద ఎత్తి, పెద్ద డిస్కులో మంచి ప్యాడ్లో వేసుకుందామని మొదలుపెట్టిన పనిలో దెబ్బతిన్నవే. సొంత బండి సొంత చేత్తో బాగుచేసుకోవాలన్న ఇష్టం నాకు బాగా తెలుసు, నేను పని నేర్చుకుందీ అలాగే. కాబట్టి ముట్టుకోవద్దని చెప్పను. ఒకరి నోటి నుంచి ఒకరికి పాకిన కొన్ని తప్పు మాటల వల్ల మంచి కాలిపర్లు పోతున్నాయి, వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: కొత్త ప్యాడ్లు పట్టాలంటే పిస్టన్‌ను స్క్రూడ్రైవర్‌తో తోసేస్తే సరిపోతుంది.

కాలిపర్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. పిస్టన్ అంచు చుట్టూ మడతలు మడతలుగా పలచటి రబ్బరు బూటు ఉంటుంది. స్క్రూడ్రైవర్ మొన జారితే దానికి గోరంత గాటు పడుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు, బ్రేక్ బాగానే పడుతుంది. కానీ చక్రం కడిగిన ప్రతిసారీ, వానలో తిరిగిన ప్రతిసారీ ఆ గాటులోంచి నీళ్లు లోపలికి చేరి, స్టీలు పిస్టన్ అయితే దానికి తుప్పు పట్టడం మొదలవుతుంది. కొన్ని నెలలకు పిస్టన్ బిగుసుకుంటుంది. అప్పటికి స్క్రూడ్రైవర్ సంగతి ఎవరికీ గుర్తుండదు, "కాలిపర్ క్వాలిటీ బాలేదు" అంటారు.

పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ మామూలు కాలిపర్లో ఉండదు. లోపల గాడిలో కూర్చున్న నలుచదరపు రబ్బరు సీలు పెడల్ నొక్కినప్పుడు పిస్టన్‌తో పాటు కొద్దిగా వంగి, వదిలినప్పుడు తిరిగి నిటారుగా అవుతూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. అంతే. పిస్టన్ పక్కన ప్లయర్ పట్టు గీత పడితే, ఆ గీత సీలు మీద రాసుకుంటూ దాన్ని కోస్తుంది. గీత వేలిగోటికి తగిలితే ఆ పిస్టన్ మార్చాల్సిందే, ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేయకండి.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. పాత ప్యాడ్‌ను పిస్టన్ మీద ఆనించి, సీ-క్లాంప్‌తో నిదానంగా, వంకర పోకుండా నొక్కాలి. బ్లీడర్ నిపుల్‌కు (కాలిపర్‌లోంచి ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూకు) సన్న పైపు తగిలించి, కొంచెం వదులు చేసి నొక్కితే మురికి ఆయిల్ ఏబీఎస్ యూనిట్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది) వైపు వెళ్లకుండా బయటికి వచ్చేస్తుంది. నొక్కడం ఆపే ముందే నిపుల్ బిగించాలి, లేకపోతే గాలి లోపలికి పోతుంది. నిపుల్ తెరవకుండా నొక్కితే పైన డబ్బాలో ఆయిల్ పొంగుతుంది. అది బాడీ మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడిగేయాలి.

వెనక చక్రాల దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. హ్యాండ్‌బ్రేక్ కూడా కాలిపర్‌తోనే పనిచేసే చాలా కార్లలో పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. పిస్టన్ ముఖం మీద గాట్లు ఉంటే ఈ రకమేనని అనుమానించండి. దాన్ని క్లాంప్‌తో బలవంతంగా నొక్కితే లోపలి మెకానిజం విరుగుతుంది. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ అయితే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

అపోహ: బ్లీడర్ థ్రెడ్ పోతే టెఫ్లాన్ టేపు చుట్టి బిగిస్తే లీకు ఆగుతుంది.

బ్లీడర్‌లో ఆయిల్‌ను ఆపేది థ్రెడ్ కాదు. నిపుల్ చివరి కోన్ లాంటి మొన, కాలిపర్ లోపలి సీటు మీద గట్టిగా కూర్చోవడం వల్లే ఆయిల్ ఆగుతుంది. థ్రెడ్ పని ఆ మొనను నొక్కి పట్టడం. థ్రెడ్ పట్టు పోతే మొన కూర్చోదు, టేపు ఆ పని చేయలేదు. పైగా టేపు ముక్క తెగి ఆ రంధ్రంలో ఇరుక్కుంటుంది.

తుప్పు పట్టిన నిపుల్ విరగబోయే ముందు చేతికి చెబుతుంది. వదులయ్యే నిపుల్ "టక్" మని ఒక్కసారి కదిలి ఆగుతుంది. విరిగేది మాత్రం స్పానర్ కింద మెత్తగా, రబ్బరులా తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ మెత్తదనం తగిలిన క్షణం ఆపేయండి. రస్ట్ రిమూవర్ కొట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు ఆరు పలకల సాకెట్ వేసి, ముందు పిసరంత బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేసే వైపు తిప్పండి. మధ్యమధ్యలో చిన్న సుత్తితో తట్టండి. ఓపిక పట్టినప్పుడు నాకు చాలా నిపుల్స్ ఇలాగే వచ్చాయి.

విరిగిపోతే? విరిగిన ముక్కను తిప్పి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ చాలా గట్టి ఉక్కు, అది కూడా లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. అలవాటు లేనివాళ్లు కాలిపర్ మార్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కాలిపర్‌కు ఆయిల్ తెచ్చే హోస్ పైపును బిగించే బోల్టు థ్రెడ్ అల్యూమినియం కాలిపర్లో పోయినా నా మాట అదే. బ్రాకెట్ బోల్టు రంధ్రానికి పనిమంతుడి చేత సరైన థ్రెడ్ ఇన్సర్ట్ వేయించడం వేరు, ఆయిల్ ప్రెజర్ ఉండే చోట అతుకు వేయడం వేరు. ఆ రెండో పని నేను ఎవరికీ చేయను. హోస్ బోల్టుకు రెండు పక్కలా ఉండే రాగి లేదా అల్యూమినియం వాషర్లు కూడా ఒకసారి నలిగాక పనికిరావు, ప్రతిసారీ కొత్తవి వేయాలి.

అపోహ: చక్రం పట్టేస్తోందంటే పిస్టనే జామ్ అయింది.

కొన్నిసార్లు నిజమే. కానీ ముందు ప్యాడ్లు చూడండి. జారే రకం కాలిపర్లో పిస్టన్ వైపు ప్యాడ్ బాగా అరిగి బయటిది కొత్తదానిలా ఉంటే, కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే స్లైడ్ పిన్లు బిగుసుకున్నాయని ఎక్కువగా అనుమానించాలి. పిన్లు తీసి శుభ్రం చేసి, కొత్త రబ్బరు బూట్లు, గ్రీజు వేస్తే చాలాసార్లు సరిపోతుంది.

మూడో దొంగ హోస్ పైపు. పని చేస్తుంటే కాలిపర్‌ను హోస్ మీదే వేలాడదీస్తారు. ఆ బరువుకు పైపు లోపలి పొర చిట్లితే ఆయిల్ వెళ్తుంది గానీ వెనక్కి రాదు. బయటి నుంచి పైపు నున్నగా, బాగానే కనిపిస్తుంది. చక్రం పట్టేసి ఉన్నప్పుడే బ్లీడర్ తెరిచి చూడండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే ప్రెజర్ ఇరుక్కుపోయినట్టే, ముందు హోస్‌నే అనుమానించాలి. అయినా వదలకపోతే తప్పు పిస్టన్‌దో పిన్లదో. కాలిపర్ తీయగానే గట్టి తీగతో సస్పెన్షన్ స్ప్రింగ్‌కు కట్టండి, ఈ బాధే ఉండదు.

అపోహ: గ్రీజు ఏదైనా గ్రీజే.

బ్రేక్ సీళ్లు సాధారణంగా ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. పెట్రోలియం గ్రీజు, ఇంజిన్ ఆయిల్, కిరోసిన్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బిన సీలు పిస్టన్‌ను వదలదు. పిన్లకు బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు, సీళ్లకు రబ్బరు గ్రీజు లేదా కొత్త బ్రేక్ ఆయిల్ వాడాలి. బ్రేక్ ఆయిల్‌లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ రకాలు, డాట్ 5 సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉందని డాట్ 5ను మిగతావాటితో కలపకూడదు.

అపోహ: కాలిపర్ ఎలాగూ పోయింది, పెద్దది వేస్తే బండి ఇంకా త్వరగా ఆగుతుంది.

ఒక్కసారి గట్టిగా బ్రేక్ వేస్తే ఏబీఎస్ పనిచేస్తోందంటే, చక్రాన్ని లాక్ చేసేంత బలం మీ బ్రేకులకు ఇప్పటికే ఉన్నట్టు. అక్కడి నుంచి ఆగే దూరం తేల్చేది టైరు పట్టు. పెద్ద డిస్కు, పెద్ద కాలిపర్ వల్ల లాభం వేడి దగ్గర: ఘాట్ రోడ్డు దిగేటప్పుడు, మళ్లీమళ్లీ వేగంలో బ్రేక్ వేసినప్పుడు. పిస్టన్లు పెద్దవైతే అదే మాస్టర్ సిలిండర్‌తో (పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే సిలిండర్) పెడల్ ఇంకా కిందికి పోతుంది, ముందు వెనక చక్రాల మధ్య బ్రేక్ పంపకం కూడా మారుతుంది. బండికి సరిపడే సెట్ మొత్తం దొరకకపోతే కంపెనీ సైజే వేయండి.

అపోహ: కుడిదైనా ఎడమదైనా ఒకటే.

చాలా కాలిపర్లు అటుదిటు బిగుస్తాయి కూడా. కానీ బ్లీడర్ కింది వైపు వస్తుంది, పైన చేరిన గాలి ఎంత బ్లీడ్ చేసినా పోదు. పెడల్ స్పాంజిలా ఉండి, కారణం దొరక్క టెన్షన్ పడేవాళ్లలో కొందరి తప్పు ఇదే. బ్లీడర్ ఎప్పుడూ పై వైపే ఉండాలి.

అపోహ: పాడైన పక్క ఒక్కటీ మారిస్తే చాలు.

కాలిపర్ వరకు, రెండోది బాగుంటే ఒకటి మార్చవచ్చు. కానీ రెండో పక్క పిన్లు, బూటు విప్పి చూడకుండా ఆ నిర్ణయానికి రావద్దు. ప్యాడ్లు మాత్రం రెండు పక్కలా కలిపే మార్చాలి, లేదంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

అన్నీ బిగించాక బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే బిగించండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పెడల్‌ను గట్టిపడేదాకా నొక్కుతూ ఉండండి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్లను తాకేదాకా మొదటి కొన్ని నొక్కుళ్లలో బ్రేక్ అసలు పడదు. ఇది మరిచి గేరు వేసి గోడకు గుద్దినవాళ్లను చూశాను. ఖాళీ చోట నడక వేగంలో నాలుగైదు సార్లు ఆపి చూసి, బండి నిలిపి, కాలిపర్ వెనక, హోస్ బోల్టు దగ్గర తెల్ల కాగితం ఒత్తి చూడండి. తడి అంటితే బండిని మళ్లీ జాకీ మీదికి ఎక్కించాలి.