నీమోను అడిగేవాళ్ళు, కొనేవాళ్ళు

తిరుపతి

చిరంజీవులు హాసినికి, చరణ్‌కి తాత ఆశీస్సులు.

సినిమాలో చూసిన నీలం రంగు డోరీ చేప కొనిపెట్టమని మీ నాన్నను పట్టుకున్నారట. ‘ఈ సినిమాల వల్లే సముద్రంలో చేపలన్నీ ఖాళీ అవుతున్నాయి, కుదరదు’ అన్నాడట. వాడు చెప్పిన దాంట్లో నిజం కొంతే. మిగతాది ఫోన్లో చెబితే మధ్యలో ఎవరో ఒకరు ఆటకి పారిపోతారని రాస్తున్నాను.

నేను చేపల కొట్టు నడుపుతున్న రోజుల్లోనే, 2003లో ‘ఫైండింగ్ నీమో’ అనే చేపల బొమ్మల సినిమా వచ్చింది. అంతకుముందు పిల్లలు వచ్చి గోల్డ్‌ఫిష్ అనో, గప్పీ అనో అడిగేవాళ్ళు. తర్వాత గాజు తలుపు తోసుకుని లోపలికి రాగానే ‘నీమో ఉందా అంకుల్?’ అనడమే. క్లౌన్ ఫిష్ అన్న దాని అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. నా దగ్గర ఉన్నవన్నీ మంచినీటి చేపలు. ‘చెన్నై కొళత్తూరు నుంచి తెప్పిస్తాను, కానీ ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టాలి’ అని ఖర్చు లెక్క కాగితం మీద వేసి చూపిస్తే, పిల్లాడి నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక జత గప్పీలు కవర్లో వేయించుకుని వెళ్ళేవాడు. అడిగినవాళ్ళు బోలెడుమంది, కొన్నవాళ్ళు బహు తక్కువ.

ఇది నా ఒక్క కొట్టు కథే అనుకున్నాను. 2016లో ‘ఫైండింగ్ డోరీ’ వచ్చినప్పుడు, ఇక డోరీ జాతి అయిన బ్లూ టాంగ్ చేపల పని అయిపోయినట్టే అని ప్రపంచమంతా పత్రికలు రాశాయి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ఆధ్వర్యంలో కొందరు పరిశోధకులు దీన్ని లెక్కలతో సరిచూసి 2019లో ప్రకటించారు. సినిమా వచ్చిన రెండు మూడు వారాలకు ఇంటర్నెట్‌లో ఆ చేప గురించి వెతికేవాళ్ళు పెరిగారు. అమెరికాకు ఆ చేపల దిగుమతి మాత్రం సినిమా వల్ల పెరిగినట్టు కనిపించలేదు. 2017లో నీమో మీద వచ్చిన ఒక పరిశీలన కూడా ఇంచుమించు ఇదే చెప్పింది: ప్రచారం ఎక్కువ, ఆధారం తక్కువ.

అలాగని తెర మీద చూసినది ఎవరూ కొనరని కాదు. నీమో వచ్చిన రోజుల్లోనే ఒక సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటనలో పిల్లాడి వెంట నడిచే పగ్ కుక్కపిల్ల మీకు తెలియదు, మీ అమ్మకు తెలుసు. ఆ తర్వాత మన ఊళ్ళలోనూ పగ్‌ల మోజు మొదలైంది. చప్పిడి ముక్కు కుక్క అది, వేడికి దానికి ఊపిరాడదు. మే నెలలో తిరుపతిలో అది పడే అవస్థ చూడలేం. కుక్కపిల్లను ఆ సాయంత్రమే చంకనేసుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఉప్పునీళ్ళ చేపకు ఆ వీలు లేదు. ట్యాంకు నింపాక చేప వ్యర్థాలను అరిగించే బ్యాక్టీరియా అందులో పెరగడానికే నెల, నెలన్నర పడుతుంది. మోజు అంతవరకు నిలవాలి కదా! చేపలను కాపాడింది ఈ ఆలస్యమూ ఖర్చూనే అని నా నమ్మకం.

సరే, మీ నీమో సంగతి చెబుతాను. సినిమాలో తల్లి చేపను బారకూడా అనే పెద్ద వేటచేప తినేస్తుంది, తండ్రి ఒక్కడే కొడుకును పెంచుతాడు. నిజం క్లౌన్ ఫిష్‌లలో, ఎనిమోన్ అనే పువ్వులాంటి సముద్రజీవి దగ్గర ఉండే గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడది, దాని తర్వాతిది మగది. ఆడది చచ్చిపోతే ఆ మగదే కొంతకాలానికి ఆడచేపగా మారుతుంది! అంటే నీమో వాళ్ళ నాన్న అమ్మ అయిపోవాలన్నమాట. చరణ్ నవ్వుతుంటాడు, నాకు తెలుసు. గుడ్లకు రెక్కలతో నీళ్ళు విసురుతూ కాపలా కాసేది మాత్రం ఎక్కువగా తండ్రే, అది సినిమావాళ్ళు సరిగ్గా పట్టుకున్నారు. గుడ్లు ఒకేచోట అతికించి పెడతాయి కాబట్టి ఈ చేపలను హేచరీల్లో, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే చోట్ల, పెంచడం ఎప్పటినుంచో సాధ్యమైంది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు కూడా పెంచారు.

డోరీ అలా కాదు. గుడ్లను నడిసముద్రంలో వదిలేస్తుంది. పిల్లలు దుమ్మురేణువుల్లా ఉంటాయి, వాటి నోటికి పట్టే ఆహారం దొరకడమే కష్టం. సినిమా వచ్చిన 2016లోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ చేపను ప్రయోగశాలలో పుట్టించి పెంచగలిగారు. అయినా అమ్మకానికి వచ్చేవి చాలావరకు సముద్రంలో పట్టినవే. మీ నాన్న భయంలో నిజం ఉన్నది ఇక్కడ. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో కొందరు సోడియం సైనైడ్ బిళ్ళలు నీళ్ళలో కరిగించి, సీసాతో పగడపు దిబ్బల సందుల్లోకి చిమ్ముతారు. చేప మత్తెక్కి చేతికి చిక్కుతుంది. చట్టం ఒప్పుకోదు, అయినా జరుగుతోంది. ఆ విషానికి పగడాలు చస్తాయి, పట్టిన చేపల్లోనూ చాలావరకు ఆ తర్వాత చస్తాయి. కొట్లో చూస్తే మాత్రం ఆ చేప నిగనిగలాడుతూనే ఉంటుంది.

నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో మీకు మత్స్యావతారం కథ చెప్పాను, గుర్తుందా? సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల కమండలంలో పట్టలేదు, గంగాళంలో పట్టలేదు, చెరువులో కూడా పట్టక చివరికి సముద్రంలో వదలాల్సి వచ్చింది. డోరీ కూడా కొట్లో వేలెడంత ఉంటుంది, పెరిగితే 30 సెంటీమీటర్లు. రోజంతా ఈదే చేప, దానికి ఐదారు వందల లీటర్ల ట్యాంకైనా కావాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పు, అదీ వంటింటి ఉప్పు పనికిరాదు. మన బోరు నీళ్ళు వద్దు, ఆర్‌ఓ నీళ్ళు పోయాలి. తూపిలిపాళెం నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళు తెద్దామని హాసిని అంటుంది. ఒడ్డు నీళ్ళలో బురద, మురికి కలిసి ఉంటాయమ్మా. నీటి వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలవాలంటే మన 42 డిగ్రీల ఎండలో నీళ్ళను చల్లబరిచే చిల్లర్ యంత్రం ఆగకుండా తిరగాలి. కరెంటు పోతే ఇంట్లో అందరికీ టెన్షనే.

అందుకని డోరీకి నేనూ ఒప్పుకోను. నీమో అయితే ఆలోచిస్తాను. కొట్టుకు వెళ్ళినప్పుడు ‘ఇది హేచరీలో పెంచిందా, సముద్రంలో పట్టిందా’ అని ముందు అడగండి. తెలియదంటే వచ్చేయండి. పెంచిందే అంటే, కొట్టువాణ్ణి మేత వేసి చూపించమనండి. హేచరీ చేప గింజల మేతను వెంటనే తింటుంది. ఎనిమోన్ లేకపోయినా ట్యాంకులో హాయిగా బతుకుతుంది కాబట్టి దాన్ని కూడా అంటగడితే తీసుకోకండి.

ఈలోగా మీ గప్పీల ట్యాంకులో ఆదివారం నీళ్ళు మార్చండి. మొత్తం కాదు, నాలుగో వంతు చాలు.

మీ తాత