హీరోకి ఇంకో చావు అక్కర్లేదు: గతం గురించి అపోహలు, వాస్తవాలు

కామిక్స్ స్క్రిప్టులు ఎడిట్ చేయడం నా పని. పోయిన నెల ఒక స్క్రిప్టు వచ్చింది. రెండో పేజీలో హీరో తండ్రి పోతాడు, ఐదో పేజీలో తల్లి, తొమ్మిదో పేజీలో చెల్లెలు. పన్నెండో పేజీకి గానీ అతను ముసుగు వేసుకోడు. రాసిన అమ్మాయికి ఫోన్ చేస్తే, "మేడమ్, ఎమోషన్ సరిపోలేదా? ఇంకొకరిని చంపేయమంటారా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. ఈ ప్రశ్న నేను చాలామంది దగ్గర విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గతంలో విషాదం ఎంత పెద్దదైతే పాత్రకి అంత లోతు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల కొత్తవాళ్లు నెలల తరబడి చేసిన పని బుట్టదాఖలవడం చూశాను. హీరో ఎంతమందిని పోగొట్టుకున్నాడో పాఠకుడు లెక్కపెట్టుకోడు. ఆ గతం ఇప్పుడు, ఈ పేజీలో, అతని చేత ఏం చేయిస్తోందో చూస్తాడు.

బ్యాట్‌మ్యాన్ మొదట కనిపించింది 1939 మే సంచికలో. తల్లిదండ్రుల హత్య సంగతి చెప్పింది అదే ఏడాది నవంబరు సంచికలో, అదీ రెండే పేజీల్లో. ఆ మధ్య నెలల్లో పాఠకులు ఆ గాయం గురించి తెలియకుండానే అతన్ని ఇష్టపడ్డారు. 1948లో రచయితలు మళ్లీ ఆ రాత్రి దగ్గరికి వెళ్లారు. గతంలో కొత్తగా ఎవరినీ చంపలేదు. హంతకుడికి జో చిల్ అని పేరు పెట్టి, బ్యాట్‌మ్యాన్ ఎదురుగా నిలబెట్టారు. రుజువు లేదు, శిక్ష వేయించలేడు. ముసుగు తీసి, నువ్వు చంపినవాళ్ల కొడుకుని నేనే అని చెప్తాడు. చిల్ భయపడి తన ముఠా దగ్గరికి పరుగెత్తితే, బ్యాట్‌మ్యాన్ పుట్టడానికి కారణం వీడేనని తెలిసి వాళ్లే కాల్చేస్తారు. జరిగిన హత్య పాతదే. కానీ అన్నేళ్లుగా న్యాయం కోసమని తిరిగిన మనిషికి సొంత పగ ఎదురైతే ఎంత దూరం వెళ్తాడో అక్కడ తెలిసింది.

ఎక్స్-మెన్ కామిక్స్‌లో విలన్ మాగ్నెటో సంగతి చూడండి. 1963లో వచ్చినప్పుడు అతను ప్రపంచాన్ని ఏలాలనుకునే మామూలు విలన్. 18 ఏళ్ల తర్వాత, 1981లో, రచయిత క్రిస్ క్లేర్‌మాంట్ అతన్ని నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ నుంచి బతికి బయటపడ్డవాడిగా చూపించాడు. నేను క్లాసుల్లో పదే పదే చెప్పేది, ఆ విషయం ఎక్కడ బయటపడిందో గమనించమని. పోరాటంలో అతను ఎక్స్-మెన్ జట్టులోని కిట్టీ ప్రైడ్‌ని కొడతాడు. పడిపోయింది చిన్నపిల్ల అని చూసి ఆగిపోతాడు. తను ఎవరిని అసహ్యించుకున్నాడో వాళ్లలాగే తయారయ్యానని అప్పుడు గ్రహిస్తాడు. గతం అతన్ని వెనకేసుకురాలేదు, నిలదీసింది. అదే ఫ్లాష్‌బ్యాక్‌ని ముందే, ఎవరూ అడగకుండా, ఐదు పేజీల్లో పరిచి ఉంటే జాలి పడి పేజీ తిప్పేసేవాళ్లం.

విషాదం కలపడం వల్ల నష్టం జరిగిన సందర్భం కూడా ఉందని నా అభిప్రాయం. 1956లో వచ్చిన ఫ్లాష్, అంటే మెరుపు వేగంతో పరుగెత్తే హీరో బ్యారీ అలెన్, అదే పేరుతో ఉన్న పాత హీరో కామిక్స్ అంటే ప్రాణం పెట్టే మనిషి. శక్తులు రాగానే ఆ హీరోలాగే మంచి చేయాలనుకున్నాడు. 2009లో అతని తల్లి హత్యని గతంలోకి తెచ్చారు. ఆ తర్వాత మంచి కథలు వచ్చాయి, కాదనను. కానీ ఏ గాయమూ లేకుండానే మంచివాడైన హీరోలు మనకి అసలే తక్కువ. వాళ్లలో ఒకడు తగ్గిపోయాడని నాకు ఇప్పటికీ బాధే.

మిగతా అపోహలు త్వరగా చెప్పేస్తాను.

రెట్‌కాన్ చేస్తే, అంటే పాత్ర గతాన్ని తర్వాతి కథలో మారిస్తే, పాత కథలు చెరిగిపోతాయని ఒక పుకారు తిరుగుతూనే ఉంటుంది. ఏదీ చెరిగిపోదు. కెప్టెన్ అమెరికా సహచరుడు బకీ చనిపోయాడని 1964లో చెప్పారు, 2005లో బతికే ఉన్నాడన్నారు. ఆ మధ్య కెప్టెన్ అమెరికా మోసిన దుఃఖం ఆ సంచికల్లో అలాగే ఉంది.

పాత సంచికలన్నీ చదివితే గానీ రాయకూడదా? అక్కర్లేదు. మీరు ముట్టుకునే సంఘటన ఉన్న సంచికలు మాత్రం శ్రద్ధగా చదవండి. దీనికోసం నిద్ర పాడుచేసుకునేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

ఒరిజిన్, అంటే హీరో ఎలా హీరో అయ్యాడన్న కథ, ముందే రాయాలా? అక్కర్లేదు, బ్యాట్‌మ్యాన్ సంగతి పైన చెప్పాను.

ఆ అమ్మాయిని ఒక పని చేయమన్నాను. ఫ్లాష్‌బ్యాక్ పేజీలన్నీ పక్కన పెట్టి, మిగిలింది చదవమన్నాను. కథ ఎక్కడ అర్థం కాకుండా ఆగిపోతుందో అక్కడికి మాత్రమే గతం కావాలి. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "మేడమ్, ఒక్కచోటే ఆగింది. ఆడపిల్ల ఎవరైనా ఫోన్‌లో సాయం అడిగితే వీడు ఎందుకు బిగుసుకుపోతాడో తెలియట్లేదు" అంది. "చెల్లెలు బతికే ఉందనుకో" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

కొత్త డ్రాఫ్టులో ఎవరూ చావలేదు. 22 పేజీల్లో గతానికి ఇచ్చింది ఒక్క ప్యానెలే, అంటే ఒక్క బొమ్మ గడే: బల్ల మీద మోగుతున్న ఫోన్, దాని మీద చెల్లెలి పేరు, తీయని చెయ్యి. పంతొమ్మిదో పేజీలో చెల్లెలు తలుపు తీస్తుంది. అతను ముసుగు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆ పేజీలో ఒక్క డైలాగ్ కూడా వద్దని తనే కొట్టేసింది.